చిన్న పిల్లలతో సైకిళ్ళ మీద ఖిలా వరంగల్ వనభోజనం: తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం ఆదివారాల్లో మా కాలనీ నుంచి నాలుగైదు కుటుంబాలం పిల్లల్ని వెంటబెట్టుకుని సైకిళ్ళ మీద చెట్ల కిందికి పోతుంటాం. ఎక్కువసార్లు ఖిలా వరంగల్‌కే, అంటే కాకతీయుల నాటి వరంగల్ కోటకు. కొత్తగా వస్తామనేవాళ్ళ ఫోన్లు శుక్రవారం సాయంత్రం మొదలవుతాయి. మనుషులు మారతారు గానీ అనుమానాలు అవే. అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నాను. మొదటి నుంచి చివరి దాకా చదవాల్సిన పని లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో అక్కడికే పోండి. దూరమైనా, వేగమైనా, టైమైనా గుంపులో అందరికన్నా చిన్న బిడ్డను బట్టే పెట్టుకోవాలన్నది మా పద్ధతి. జవాబులన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి.

## పోదామా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

మా పాపకు ఇంకా రెండేళ్ళే. సైకిల్ మీద తీసుకురావచ్చా?

తీసుకురావచ్చు, పిల్లల సీటు ఉంటేనే. ఏడాది నిండని పిల్లల్ని మాత్రం అసలు ఎక్కించకండి. గతుకుల్లో తల ఊగకుండా ఆపుకునే బలం ఆ మెడకు ఉండదు, పైగా హెల్మెట్ బరువు. ఏడాది దాటి, ఆసరా లేకుండా నిటారుగా కూర్చునే పిల్లలకు వెనుక బిగించే సీటు సరిపోతుంది. దానికి వీపు ఆనే పలక, భుజాల మీదుగా వచ్చే బెల్టు, పాదాలు పెట్టుకునే చోటు మూడూ ఉండాలి. ఎంత బరువు దాకా మోస్తుందో సీటు మీదే రాసి ఉంటుంది, చూసి కొనండి. ముందు రాడ్ మీద తువ్వాల చుట్టి కూర్చోబెట్టడం, చున్నీతో నడుముకు కట్టుకోవడం వద్దు. పడితే బిడ్డ మీద మనమే పడతాం. సీటులో కూర్చున్న పిల్లలకు గాలి తగిలి తొందరగా నిద్ర వస్తుంది. తల పక్కకు ఒరిగిందంటే సైకిల్ ఆపి, దించి, ఎత్తుకోవాల్సిందే.

మా బాబుకు నాలుగేళ్ళు, సైడు చక్రాల సైకిల్ ఉంది. సొంతంగా తొక్కుకుంటూ వస్తానని ఏడుస్తున్నాడు. ఏం చేయమంటారు?

వాడి సైకిల్‌ను ఆటోలోనో కారులోనో కోట దగ్గరికి తెచ్చి, అక్కడ చదునైన ఖాళీ జాగాలో తొక్కనివ్వండి. రోడ్డు మీద మాత్రం వద్దు. సైడు చక్రం చిన్న గుంటలో దిగినా సైకిల్ ఒరిగిపోతుంది, మలుపులో వేగంగా తిప్పినా అంతే.

సైడు చక్రాలు తీసేసిన పిల్లల విషయంలో నేను ఇంటి ముందు గల్లీలో మూడు సంగతులు చూస్తాను. "ఆగు" అనగానే చేతి బ్రేకు పట్టి ఆగుతున్నాడా? వెనక్కి తిరిగి చూస్తే సైకిల్ కూడా అటే పోతోందా, తిన్నగానే ఉంటోందా? ఎడమ పక్కనే పొమ్మంటే రెండు నిమిషాలైనా అలా పోతున్నాడా? మూడూ వచ్చినవాళ్ళే రోడ్డుకు సిద్ధం. వయసు అయిదా ఏడా అన్నది తర్వాతి సంగతి.

పిల్లలు ఎంత దూరం తొక్కగలరు?

అయిదారేళ్ళ వాళ్ళు ఆగుతూ ఆగుతూ మొత్తం మూడు నాలుగు కిలోమీటర్లు, ఏడు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళు ఆరు నుంచి ఎనిమిది. మా పిల్లలతో నేను చూసిన లెక్క ఇది, పోయేది వచ్చేది రెండూ కలిపి.

"అంతేనా, రోజంతా గల్లీలో తిరుగుతూనే ఉంటాడే" అంటారు చాలామంది. వాళ్ళ చక్రం వైపు ఒకసారి చూడండి. 16 అంగుళాల చక్రం ఒక్క చుట్టు తిరిగితే దాదాపు 1.28 మీటర్లు పోతుంది. మన 26 అంగుళాల చక్రం అదే ఒక్క చుట్టుకు రెండు మీటర్లు దాటుతుంది. కిలోమీటరుకు మన చక్రం 480 చుట్లు తిరిగితే వాళ్ళది 780 తిరగాలి. మనకు మెల్లగా అనిపించే నడక వాళ్ళకు పరుగు. అందుకే "ఇంకా ఎన్ని కిలోమీటర్లు" అని లెక్కపెట్టకుండా పదిహేను నిమిషాలు తొక్కడం, అయిదు నిమిషాలు ఆగడం అనే పద్ధతి పెట్టుకోండి.

ఎక్కడికి పోతే బాగుంటుంది? మేమైతే లక్నవరం అనుకుంటున్నాం.

మొదటిసారి అయితే ఖిలా వరంగల్‌కు రండి. కోట లోపల ఊరు ఉంది, పొలాలు ఉన్నాయి, వాటి మధ్య రోడ్లు చాలావరకు చదునుగా ఉంటాయి, పెద్ద లారీల బెడద తక్కువ. మట్టికోట, దాని లోపల రాతికోట, కందకం, నడి మధ్యలో తోరణాలు. పిల్లలకు అయిదు నిమిషాలకో కొత్త వింత దొరుకుతుంది. నాలుగు దిక్కులా నిలబడ్డ ఆ తోరణాల్లో ఒకటి ఎదురు కాగానే, రాష్ట్రం ఏర్పడ్డ 2014 నుంచి రాజముద్రలో చూస్తున్న బొమ్మ ఇదేనని పిల్లలే గుర్తుపడతారు. పక్కనే ఖుష్ మహల్, ఇంకొంచెం ముందుకు ఏకశిల గుట్ట. ఓరుగల్లుకు ఆ పేరే ఒంటి రాయి నుంచి వచ్చిందని ఆ గుట్ట కింద నిలబెట్టి చెబితే చాలు, మళ్ళీ మర్చిపోరు.

జాగ్రత్త ఒక్కటే. రాతికోట దర్వాజాలు నేరుగా ఉండవు. శత్రువు గుర్రాల మీద ఒక్క ఊపున దూసుకురాకుండా లోపల మలుపు తిప్పి కట్టారు. ఇప్పుడు ఆ మలుపులోంచే ఆటోలు వస్తాయి, చివరి క్షణం దాకా కనబడవు. దర్వాజా రాగానే అందరం దిగి, బెల్లు కొడుతూ, ఎడమ గోడ పక్కన నడిపించుకుంటూ దాటుతాం. ఈ నియమం పెద్దవాళ్ళకూ వర్తిస్తుంది.

భద్రకాళి బండ్, వడ్డేపల్లి చెరువు కట్ట పొద్దున్నే నడిచేవాళ్ళతో నిండి ఉంటాయి. సైకిల్ లోపలికి తీసుకుపోయే ముందు గేటు దగ్గర అడగండి. లక్నవరం, పాకాల చూడదగ్గ చోట్లే, కానీ అడవి తొవ్వలు, ఎత్తుపల్లాలు, కార్ల వేగం. చిన్న చక్రాలకు అవి కావు. రామప్పకు పోవాలనుంటే సైకిళ్ళు బండిలో వేసుకుని పోయి, గుడి చూశాక చెరువు వైపు కాసేపు తొక్కించండి. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. రెండేళ్ళకోసారి మాఘ మాసంలో మేడారం జాతర జరిగే రోజుల్లో మాత్రం ములుగు వైపు సైకిల్ ఆలోచన పెట్టుకోకండి.

ఏ నెలల్లో పోవాలి?

కార్తీకం నుంచి శివరాత్రి దాకా. మన పెద్దవాళ్ళు ఉసిరి చెట్టు కింద వనభోజనాలు పెట్టుకున్నదీ కార్తీకంలోనే. ఎండ చురుక్కుమనదు, బురద ఆరిపోయి ఉంటుంది, సీతాఫలాల చివరి కాపు కూడా అందుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున పొగమంచు ఉంటే అది తొలిగేదాకా బయల్దేరకండి, ఏడున్నర అయినా సరే.

తొలకరి పడ్డాక ఒక్క ఆదివారం మాత్రం మేం వదులుకోం. ఎర్ర మఖ్మల్ గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు నేల మీద పాకే రోజులవి. పిల్లలు సైకిళ్ళు పడేసి మోకాళ్ళ మీద కూర్చుని అరచేతిలోకి ఎక్కించుకుంటారు, తాకగానే కాళ్ళు ముడుచుకుని గుండ్రంగా అయిపోతుంది, మళ్ళీ కదిలేదాకా ఊపిరి బిగబట్టి చూస్తారు. ఎండాకాలం అయితే పొద్దున ఎనిమిదికల్లా ఇంట్లో ఉండేలా ఉంటేనే పోండి.

సైకిళ్ళెందుకు, బైక్ మీద నలుగురం పోతే అయిపోదా?

అయిపోదు. మోటార్ సైకిల్ మీద నడిపేవాళ్ళు కాక ఒక్కరే కూర్చోవాలి. నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కించుకుంటే పిల్లలకు హెల్మెట్, నడిపేవాళ్ళ నడుముకు కలిపి కట్టే బెల్టు ఉండాలని, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నియమం తెచ్చింది. సైకిల్ లేని కుటుంబాలు ఆటోలో నేరుగా కోటకు వచ్చి మాతో కలవండి, అలా వచ్చేవాళ్ళు ప్రతిసారీ ఉంటారు.

## వారం ముందు

పెరిగే పిల్లాడు కదా, ఒక సైజు పెద్ద సైకిలే కొందాం అంటున్నారు మా ఆయన. సరేనా?

బట్టల విషయంలో చెల్లుతుంది, సైకిల్ విషయంలో చెల్లదు. కాలు నేలకు అందకపోతే పిల్లలు ఆగలేరు, ఆగలేమన్న భయంతోనే తొక్కడం మానేస్తారు. షాపులో సీటు మీద కూర్చోబెట్టి చూడండి, కొత్తగా నేర్చుకునే వాళ్ళకు రెండు పాదాలూ నేలకు ఆనాలి. బాగా వచ్చిన పిల్లలకు కాలి మునివేళ్ళు ఆనినా చాలు. చేతి వేళ్ళు బ్రేకు అందుకుంటున్నాయో లేదో కూడా చూడాలి, దీన్ని చాలామంది మర్చిపోతారు. మూడు నాలుగేళ్ళకు 12 అంగుళాల చక్రం, అయిదారేళ్ళకు 16, ఆరు దాటి తొమ్మిది దాకా 20 అని షాపులో చెబుతారు. అది సుమారు లెక్కే, పిల్లల ఎత్తును బట్టి మారుతుంది.

హెల్మెట్ ఎలా పెట్టాలి? మా ఇంట్లో బైక్ హెల్మెట్ ఉంది, సరిపోతుందా?

సరిపోదు. బైక్ హెల్మెట్ బరువుకు పిల్లల మెడ వాలిపోతుంది, పక్కలకు కనబడదు, వినబడదు. గాలి రంధ్రాలున్న తేలికైన సైకిల్ హెల్మెట్ కొనండి. కనుబొమలకు పైన రెండు వేళ్ళ ఎత్తులో నుదుటి మీద అడ్డంగా కూర్చోవాలి. చాలామంది పిల్లలకు అది టోపీలా వెనక్కి జారి ఉంటుంది, అలా ఉంటే పెట్టీ లాభం లేదు. పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద ఒక వేలు దూరేంత వదులు చాలు. పెట్టాక తల అటూ ఇటూ ఊపమనండి, కదలకూడదు. జడ కాస్త కిందికి వేస్తే ఆడపిల్లలకు సరిగ్గా కూర్చుంటుంది.

సైకిల్ దిగి చెట్లెక్కేటప్పుడు, ఉయ్యాల ఊగేటప్పుడు తప్పకుండా తీసేయించండి. కొమ్మకు తగులుకుంటే ఆ పట్టీయే గొంతుకు ఉరి అవుతుంది.

సైకిల్ మూలన పడి ఏడాదైంది. షాపులో ఏమేం చేయించాలి?

ముందు బ్రేకులు. రబ్బరు ముక్కలు ఎండిపోయి గట్టిపడి ఉంటాయి, మార్పించండి, పెద్ద ఖర్చు కాదు. చైనుకు నూనె వేయించి, సాగి ఉంటే బిగింపించండి. టైరు గోడలు పగుళ్ళు వచ్చాయేమో వేలితో నొక్కి చూడండి. గాలి ఎంత ఉండాలో టైరు అంచు మీద రాసి ఉంటుంది, కొట్టేవాళ్ళకు అది చూపించండి. పెద్ద కంప్రెసర్‌తో చిన్న ట్యూబుకు ఒక్కసారిగా కొట్టిస్తే పగిలిపోతుంది. బెల్లు మోగాలి. శనివారం రాత్రి కాకుండా వారం ముందే చేయించమనడానికి కారణం, రెండు రోజులు గల్లీలో తొక్కితేనే లోపాలు బయటపడతాయి.

అక్కా, మా పాపను వెనుక క్యారియర్ మీద కూర్చోబెడితే చాలదా? మేమంతా చిన్నప్పుడు అలాగే పెరిగాం.

నేనూ అలాగే పెరిగాను, అలాగే నా బిడ్డను కూర్చోబెట్టాను. దానికి అప్పుడు నాలుగేళ్ళు. పాలు తేవడానికి రెండు గల్లీల అవతలికే పోతున్నాం. కాళ్ళు దూరం పెట్టుకోమని రెండుసార్లు చెప్పాను. మలుపులో భయపడి కాళ్ళు దగ్గరికి లాక్కుంది, కుడి మడమ చక్రం పుల్లల్లోకి పోయింది. చెప్పు అడ్డం పడబట్టి ఎముక దక్కింది, మడమ తోలు మాత్రం లేచిపోయింది. పదహారు రోజులు ఎత్తుకుని తిప్పాను. మానిన మచ్చ ఇప్పటికీ ఉంది, పట్టీలు పెట్టినప్పుడల్లా నాకే కనబడుతుంది.

పిల్లల పాదాలు పుల్లల్లో పడడం మన దగ్గర చాలా జరుగుతుంది, ఎవరినడిగినా ఒక కథ చెబుతారు. అందుకని చిన్న పిల్లలకు పాదాలు పెట్టుకునే చోటు, బెల్టు ఉన్న సీటు తప్పనిసరి. క్యారియర్ మీద కూర్చునే పెద్ద పిల్లలకైనా వెనుక చక్రానికి రెండు వైపులా జాలీ గార్డు వేయించి, కాళ్ళకు షూ తొడిగించి, పాదం ఆనించే పెగ్గులు బిగించండి. చీరలో, చున్నీలో తొక్కే తల్లులకు కూడా ఆ గార్డే రక్ష.

హనుమకొండ నుంచి కోట దాకా సైకిళ్ళు ఎలా చేర్చాలి? పిల్లలతో వరంగల్ బజారులోంచి తొక్కాలా?

వద్దు. స్టేషన్ రోడ్డు, బజారు రద్దీలో పిల్లల చేత తొక్కించే ధైర్యం నేను చేయను. నాలుగు కుటుంబాలు కలిసి ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుంటే అన్ని సైకిళ్ళూ అందులో పడతాయి. సైకిళ్ళ మధ్య పాత దుప్పటి వేయండి, గీతలు పడవు. కారైతే ముందు చక్రం విప్పి వెనుక సీటు మడిచి పెట్టొచ్చు. కోట మట్టి గోడ దాటాక దింపుకుని, తొక్కడం అక్కడ మొదలుపెడతాం.

## ముందు రోజు రాత్రి

ఏం వండుకుని రావాలి? పిల్లలు తినేవి, పాడుకానివి చెప్పండి.

పులిహోర రాజు. చింతపండు పులుపు, నూనె ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం దాకా చెక్కుచెదరదు. దద్దోజనం తెస్తే అన్నం మెత్తగా వండి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, ఒక్క గరిటె పెరుగు కలపండి. పొద్దున ఆరింటికి కలిపింది పదకొండింటికి సరిగ్గా తోడుకుంటుంది, పుల్లబడదు. సర్వపిండి మా బృందం ఇష్టం. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, కరివేపాకు, ఉల్లి ఆకు కలిపి గంజులో అద్ది సన్న మంట మీద కాల్చి తెస్తే చేత్తో విరుచుకు తినొచ్చు, గిన్నె అక్కర్లేదు. నాలుగేళ్ళ లోపు పిల్లలుంటే పల్లీలు వేయకండి, లేదా పొడి చేసి వేయండి. పల్లీ గింజ గొంతులో అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. ద్రాక్ష పండ్లనైతే నిలువునా నాలుగు ముక్కలు చేయాలి.

ఉడకబెట్టిన మక్క కంకులు, జామకాయలు, అరటిపండ్లు దారిలో తినడానికి. కోడిగుడ్లు తెస్తే పెంకుతోనే తెండి. కొబ్బరి చట్నీ, కూరలు ఇంటి దగ్గరే ఉంచేయండి, రెండు గంటలు సంచిలో వెచ్చగా ఉంటే వాసన వస్తాయి.

నీళ్ళు ఎన్ని తేవాలి?

పిల్లలకు తలా ఒక లీటరు, పెద్దలకు ఒకటిన్నర. చేతులు కడుక్కోవడానికి, దెబ్బలు కడగడానికి వేరే అయిదు లీటర్ల క్యాన్. దాహం వేసేదాకా ఆగకుండా ఆగిన ప్రతిసారీ రెండు గుక్కలు తాగించండి. ఉప్పు వేసిన పలుచటి సల్ల మంచిది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు పెట్టుకోండి, పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసుకు కొంచెం కొంచెం కలిపితే ఉప్పు ఎక్కువ తక్కువ అవుతుంది.

సంచిలో ఇంకా ఏముండాలి?

గాలి పంపు, పంక్చర్ అతుకులు, సొల్యూషన్, నట్లకు సరిపోయే పానా. సబ్బు, దూది, బ్యాండేజీ గుడ్డ, అయోడిన్ మందు. ఒక్కో బిడ్డకు ఒక జత బట్టలు. పాత దుప్పటి రెండు, దస్తీలు నాలుగు. చెత్తకు రెండు సంచులు. అమ్మానాన్నల ఫోన్ నంబరు కాగితం మీద రాసి పిల్లల జేబులో పెట్టండి. మూడేళ్ళ వాళ్ళకు అడ్రసు రాదు.

పిల్లలకు ఏం బట్టలు వేయాలి?

కాళ్ళకు బిగుతుగా ఉండే ప్యాంటు లేదా నిక్కరు, వేళ్ళు మూసుకునే షూ, కళ్ళకు కొట్టొచ్చేలా పసుపో నారింజో రంగు అంగీ. లంగా, చున్నీ, గంటల పట్టీలు వద్దు, చైనులో చిక్కుకుంటాయి.

## తొవ్వలో

ముందు ఎవరుండాలి, వెనుక ఎవరుండాలి?

ముందొక పెద్దవాళ్ళు, చివర ఒకరు. ముందుండేవాళ్ళు మెల్లగా తొక్కేవాళ్ళై ఉండాలి. జోరుగా పోయే నాన్నల్ని చివర పెట్టండి. పిల్లలంతా మధ్యలో, ఒకరి వెనుక ఒకరు, రోడ్డు ఎడమ అంచున. మరీ చిన్నవాళ్ళ పక్కన ఒక పెద్దవాళ్ళు కుడివైపు కొంచెం వెనకగా తొక్కితే, వచ్చే బండికి ముందు పెద్దవాళ్ళు కనబడతారు, పిల్లలు చాటున ఉంటారు. ఇద్దరు అన్నదమ్ముల్ని వెనకా ముందూ పెట్టకండి, పందెం మొదలవుతుంది. మధ్యలో వేరే పిల్లను ఉంచండి.

కుక్కలు వెంటపడితే ఏం చేయాలి? మా బాబుకు చచ్చేంత భయం.

కుక్క వెంటపడేది కదిలే చక్రాన్ని. తొక్కడం ఆపి దిగగానే సగం కుక్కలు ఆగిపోతాయి. పిల్లలకు ఇంటి దగ్గరే నేర్పండి: దిగు, సైకిల్‌ను కుక్కకు నీకు మధ్య పెట్టు, పరుగెత్తకు, అరవకు. పెద్దవాళ్ళు ముందుకు వచ్చి నిలబడి, అందరూ నడుచుకుంటూ దాటాలి. రాయి విసరకండి, ఒక్కటున్నది నాలుగవుతాయి.

కరిచినా, పన్ను గీరుకున్నా సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు. ఆ రోజే ఆసుపత్రికి పోయి రేబిస్ టీకా మొదలుపెట్టించాలి. ఎంజీఎం లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేస్తారు. "పిల్ల కుక్కే కదా" అని వదిలేయకండి.

మధ్యలో "ఇంక తొక్కను" అని కూర్చుంటే?

కూర్చోనివ్వండి. ఆకలా, దాహమా, ఒంటికా, సీటు ఒరుసుకుంటోందా అని నాలుగూ అడగండి, ఏదో ఒకటి అయి ఉంటుంది. "చూడు, చెల్లి తొక్కుతోంది, నువ్వు తొక్కలేవా" అన్న మాట మాత్రం అనకండి. ఆ రోజుకు లేస్తాడేమో గానీ సైకిల్ మీద మనసు విరుగుతుంది. అరటిపండు తిని పది నిమిషాలు ఆగినా లేవకపోతే ఆటో పిలవడమే. మా గుంపులో అలా ఆటో ఎక్కిన పిల్లలు తర్వాతి ఆదివారం అందరికన్నా ముందు తయారయ్యారు.

పంక్చర్ అయితే ఎలా? దగ్గర్లో షాపు ఉండదు కదా.

కోట చుట్టూ తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు ఎక్కువ, పంక్చర్ అవుతుందనుకునే బయల్దేరండి. చక్రం మొత్తం ఊడదీయనక్కర్లేదు. సైకిల్ బోర్లా పెట్టి, టైరు ఒక వైపు అంచును చక్రం నుంచి తప్పించి, ట్యూబు బయటికి లాగండి. కొంచెం గాలి కొట్టి, టిఫిన్ డబ్బాలో నీళ్ళు పోసి ట్యూబును కొంచెం కొంచెంగా ముంచుతూ పోవాలి.

ఈ పని పిల్లల చేత చేయించండి. డబ్బా చుట్టూ అయిదారు తలలు వంగుతాయి. ఎవరూ మాట్లాడరు. ఒకచోట ఆవగింజంత బుడగ, దాని వెనుక ఇంకోటి, సన్నగా వరుస కట్టి పైకి వస్తాయి. "దొరికింది!" అని ఒక్క కేక. ఆ చోట వేలు పెట్టి పట్టుకునే హక్కు కోసం కొట్లాట.

తడి తుడిచి, గరుకు కాగితంతో గీకి, సొల్యూషన్ పూసి, అది తడి ఆరి జిగురుగా అయ్యేదాకా ఆగి అప్పుడు అతుకు నొక్కాలి. తొందరపడి తడి మీదే అతికిస్తే ఊడిపోతుంది. ట్యూబు లోపల పెట్టే ముందు టైరు లోపలి వైపు గుడ్డతో తడుముతూ పోండి. ముల్లు అక్కడే ఉంటుంది, తీయకపోతే రెండు నిమిషాల్లో మళ్ళీ అదే కథ.

పడి మోకాలు గీరుకుపోతే?

ధారాళంగా నీళ్ళు పోసి మట్టి, ఇసుక పోయేలా సబ్బుతో కడగండి. చాలావరకు అదే మందు. కాఫీ పొడి, పేస్టు, పసుపు అద్దకండి, డాక్టరు మళ్ళీ అదంతా గీకి తీయాల్సి వస్తుంది. మెత్తటి గుడ్డ కట్టి కాసేపు కూర్చోబెట్టండి.

తల నేలకు కొట్టుకుంటే సంగతి వేరు. స్పృహ తప్పినా, మళ్ళీ మళ్ళీ వాంతి చేసుకున్నా, మగతగా ఉన్నా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. బాగానే కనిపించినా ఆ రోజు ఇక సైకిల్ ఎక్కించకండి, రాత్రంతా కనిపెట్టుకుని ఉండండి. దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే ఉన్నా పారేసి కొత్తది కొనాలి.

## చెట్టు కింద

తోరణాల దగ్గర పచ్చిక బాగుంది, అక్కడే కూర్చుని తినొచ్చా?

తినకూడదు. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. అనుమతించిన చోట తప్ప రక్షిత కట్టడాల లోపల వండుకోవడం, తినడం నిషేధం, బండ్లు తేవడం కూడా. సైకిళ్ళు బయట పెట్టి, తాళం వేసి, ఒక పెద్దవాళ్ళను కాపలా ఉంచి, టికెట్ తీసుకుని నడిచి వెళ్ళి చూడండి. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టికెట్ ఉండదు.

భోజనానికి బయట చెట్ల నీడ చూసుకోవాలి. చింత, వేప, మర్రి ఏదైనా సరే, కొమ్మల్లో తేనెపట్టు లేదని తలెత్తి చూశాకే దుప్పటి పరచండి. కందకం, బావులు, చెరువు కట్టలకు దూరంగా కూర్చోండి. కందకంలో నీళ్ళ మీద నాచు కప్పి పచ్చిక మాదిరే కనిపిస్తుంది, చిన్న పిల్లలు పరుగెత్తి అడుగు వేస్తారు. రాళ్ళ కుప్పలు, పెరిగిన గడ్డి దగ్గర పాము భయం ఉంటుంది, కర్రతో నేల మీద కొట్టి శబ్దం చేసి అప్పుడు పోవాలి. పాము కరిస్తే కట్టు కట్టకండి, కోయకండి, కదలనివ్వకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

కోతులు సంచులు లాక్కుపోతాయంట కదా?

లాక్కుపోతాయి. ప్లాస్టిక్ కవరు చప్పుడు వినగానే దిగుతాయి. అందుకని తిండి గుడ్డ సంచుల్లో, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాల్లో తెండి. అన్నీ ఒకేసారి తెరవకండి. గోడ మీద కోతి కనబడితే ఒక పెద్దవాళ్ళు కర్ర పట్టుకుని నిలబడితే చాలు, కొట్టనక్కర్లేదు. పిల్లల చేతిలోది లాక్కుంటే వదిలేయమని ముందే చెప్పండి. కోతి కరిచినా గీరినా పదిహేను నిమిషాలు సబ్బు నీళ్ళతో కడిగి, ఆసుపత్రికి పోయి టీకా వేయించాలి.

మా అత్తమ్మ కూడా వస్తానంటున్నారు. అక్కడే పొయ్యి పెట్టి వండుదామంటున్నారు.

అత్తమ్మను తప్పకుండా తీసుకురండి, ఆటోలో నేరుగా చెట్టు దగ్గరికి. పొయ్యి మాత్రం వద్దని సర్ది చెప్పండి. కోట చుట్టుపక్కల మంట పెట్టకూడదు, ఎండుగడ్డికి అంటుకుంటే ఆపలేం, పొగకు తేనెటీగలు లేస్తాయి. ఇంట్లో వండి తెచ్చిన పులిహోరను ఇస్తరాకుల్లో పెద్దవాళ్ళ చేత వడ్డింపజేయండి. మోదుగాకుల విస్తరి ఎలా కుడతారో ఆమె చేతనే పిల్లలకు చూపించమనండి. మా అత్తమ్మ చీపురు పుల్లతో ఆకు మీద ఆకు పెట్టి కుడుతుంటే పిల్లలు పులిహోర సంగతే మరిచారు.

బాత్రూం సంగతి ఏమిటి?

బయల్దేరే ముందు అందరినీ పంపండి. టికెట్ తీసుకున్న చోట టాయిలెట్ ఎక్కడుందో అడిగి, తిండికి ముందే అందరినీ తీసుకుపోయి రండి. చిన్న పిల్లలకు చీర అడ్డం పెట్టే పాత పద్ధతే, నీళ్ళు పోసి మట్టి కప్పండి.

తిన్నాక పిల్లలు ఫోన్ అడుగుతారు. ఎలా ఆడించాలి?

ఏడు పెంకులాటకు ఇంతకన్నా మంచి జాగా ఎక్కడ దొరుకుతుంది? పెంకులు ఇంటి నుంచే తెచ్చుకోండి, కోటలో పడి ఉన్న చెక్కిన రాళ్ళను, ముక్కలను తాకనివ్వద్దు. తోరణం మీద హంసలు ఎన్నో లెక్కపెట్టమనండి. రాతి ఏనుగు, సింహం, పువ్వు ఎవరికి ముందు కనబడితే వాళ్ళు గెలిచినట్టు.

నేను ఒక్క కథ చెబుతాను, పెద్దగా కాదు. ఈ కోటను కాకతీయ రాజు గణపతిదేవుడు బలపరిచాడు, ఆయన తర్వాత 1262లో రాజ్యం ఆయన కూతురు రుద్రమదేవి చేతికి వచ్చింది. ఆమె మగవాళ్ళ వేషంలో దర్బారు నడిపింది, యుద్ధాలు చేసింది, ఈ గోడలు ఇంకా ఎత్తు పెంచింది. రాతిగోడ లోపలి వైపు మెట్లు ఎందుకు కట్టారో చెప్పండి అని అడుగుతాను. ఒకసారి ఆరేళ్ళ పిల్ల కాసేపు గోడ వంక చూసి, "సైనికులు ఎటు నుంచైనా ఉరికి ఎక్కాలి కదా" అంది. సరైన జవాబే అది.

చెత్త ఏం చేయాలి?

తెచ్చిన ప్రతిదీ తిరిగి ఇంటికి. ఇస్తరాకులు, తొక్కలు కూడా, లేకపోతే కోతులు, పశువులు చెల్లాచెదురు చేస్తాయి. సంచి పట్టుకునే పని పిల్లల్లో పెద్దవాళ్ళకు ఇవ్వండి.

## తిరుగు ప్రయాణంలో, ఇంటికి వచ్చాక

తిన్న వెంటనే తొక్కించొచ్చా?

ఒక గంట ఆగండి. చిన్నవాళ్ళు దుప్పటి మీద నిద్రపోతే పోనివ్వండి. పదకొండుకు తిని, పన్నెండున్నరకల్లా సైకిళ్ళు ఆటో ఎక్కించేస్తే ఎండా తగలదు, అలసటా ఉండదు. పిల్లలు ఎక్కువగా పడేది చివరి కిలోమీటరులోనే, అలసిపోయి హ్యాండిల్ మీద పట్టు సడలి. అందుకే తిరుగు దారిలో తొక్కేది సగమే పెట్టుకుంటాం.

ఆలస్యమై చీకటి పడితే?

పిల్లలతో చీకట్లో తొక్కకండి, అంతే. చలికాలం ఆరింటికల్లా మసక పడుతుంది. సాయంత్రం వచ్చేవాళ్ళు నాలుగున్నరకు సంచులు సర్దడం మొదలుపెట్టాలి. తప్పనిసరైతే సైకిళ్ళు నడిపించుకుంటూ, ముందు వెనుక టార్చిలు వెలిగించి ఆటో దొరికేదాకా రండి.

ఇంటికి వచ్చాక కాళ్ళు నొప్పులంటున్నారు.

గోరువెచ్చటి నీళ్ళ స్నానం, కడుపు నిండా అన్నం, తొందరగా నిద్ర. మర్నాటికి తగ్గుతుంది. మూడు రోజులైనా కుంటుతూ ఉంటే, కీలు వాచి ఉంటే డాక్టరుకు చూపించండి. బట్టలు విప్పేటప్పుడు మడమలు, మోచేతులు ఒకసారి తడిమి చూడండి, ఆటలో పడి దెబ్బ సంగతి చెప్పి ఉండరు.

మా పాప "మళ్ళీ రాను" అంటోంది. బలవంతం చేయాలా?

చేయొద్దు. ఏది నచ్చలేదో అడగండి. మా దగ్గర ఒక పాప అలాగే అంది. నాలుగు రోజులకు అసలు సంగతి తెలిసింది. సీటు గట్టిగా ఉంది, నొప్పి పుట్టింది, అమ్మకు చెప్పడానికి సిగ్గు పడింది. వాళ్ళ నాన్న మెత్తటి సీటు కవరు వేయించి, ముందు ఒక చిన్న బుట్ట కూడా బిగింపించారు. తర్వాతి ఆదివారం ఆ బుట్ట నిండా గులకరాళ్ళు, రెండు చింతకాయలు, ఒక నెమలి ఈక పెట్టుకుని ఇంటికి వచ్చింది.